హైస్కూలు నాలుగేళ్లూ కాలేజీ కోసమేనా? – పాఠకుల ప్రశ్నలు, కౌన్సెలర్ జవాబులు

కాలిఫోర్నియాలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో 21 ఏళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఈ నెల నాకు చేరిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికా కాలేజీల అడ్మిషన్ల గురించే. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఆగస్టులో తొమ్మిదో తరగతిలో చేరతాడు. మాకు తెలిసిన తెలుగువాళ్ల పిల్లలు ఏడో తరగతి నుంచే శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) కోచింగ్‌కి వెళ్తున్నారు. ఒక కన్సల్టెంటు మాకు నాలుగేళ్ల ప్రణాళిక రాసి చూపించారు. అందులో మూడు క్లబ్బులు, ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టడం, రెండు పరిశోధన పత్రాలు ఉన్నాయి. మా వాడు బాగానే చదువుతాడు కానీ వీటిలో దేని మీదా ఆసక్తి చూపడం లేదు. మేం వెనకబడిపోయామా? – ఒక తల్లి, టెక్సాస్

జవాబు: లేదమ్మా, వెనకబడలేదు. ఆ కాగితం పక్కన పెట్టి, మీ అబ్బాయి చేరబోయే స్కూలు కోర్సుల పుస్తకం తెప్పించుకోండి. నాలుగేళ్లకు సరిపడా ఆలోచించవలసినదంతా అందులో ఉంది.

కాలేజీవాళ్లు అన్నిటికంటే ముందు చూసేది ట్రాన్‌స్క్రిప్టు. ఏ ఏడాది ఏ కోర్సు తీసుకున్నాడు, ఏ గ్రేడు వచ్చింది, అంతే. దానితోపాటు మాలాంటి కౌన్సెలర్లు మరో కాగితం పంపుతాం. స్కూలు ప్రొఫైల్ అంటారు. దాని సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఈ స్కూల్లో ఏపీ కోర్సులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) ఎన్ని ఉన్నాయి, గ్రేడ్లు ఎలా లెక్కిస్తారు, ఇక్కడి పిల్లలు ఏ కాలేజీలకు వెళ్తున్నారు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. అంటే మీ అబ్బాయి ముందు తన స్కూల్లో దొరికే వాటిలో ఎంత కష్టమైనవి ఎంచుకున్నాడో, వాటిలో ఎలా నిలదొక్కుకున్నాడో చూస్తారు. స్కూల్లో ఉన్నవే ఆరు ఏపీ కోర్సులైతే పన్నెండు ఎందుకు చదవలేదని ఎవరూ అడగరు.

తొమ్మిదో తరగతికి ముందు తేల్చుకోవలసిన పెద్ద విషయం నా దృష్టిలో ఒక్కటే, గణితం. మామూలు స్కూళ్లలో ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీ కాలిక్యులస్, కాలిక్యులస్ అన్న వరుసలో ఏడాదికొక మెట్టు ఎక్కాలి. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 అయిపోయిన పిల్లవాడు పన్నెండులో కాలిక్యులస్‌కి తనంతట తానే చేరుకుంటాడు. తొమ్మిదిలో మొదలుపెట్టేవాడికి ఒక మెట్టు తక్కువ పడుతుంది. ఇంజినీరింగ్ మీద మనసుంటే ఒక వేసవిలోనో, ఒకే ఏడాదిలో రెండు కోర్సులు తీసుకునో ఆ మెట్టు కలుపుకోవాలి. పదో తరగతి వేసవిలో అయితే ఇది తేలిక. పదకొండో తరగతి చివర్లో నా గదికి వచ్చి, “ఇప్పుడేం చేయాలి?” అని అడిగే పిల్లలను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. చురుకైన పిల్లలే. ముందు ఎవరూ చెప్పలేదు, అంతే.

మీది టెక్సాస్ కాబట్టి మరొకటి కూడా తెలిసి ఉండాలి. 1997 నాటి చట్టం ప్రకారం తరగతిలో పై 10 శాతంలో ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ విషయంలో మాత్రం ఆ హద్దు బిగిసి, 2026 ప్రవేశాల నుంచి పై 5 శాతం అయింది. పైగా ఆ హామీ విశ్వవిద్యాలయంలో సీటుకే గాని, కంప్యూటర్ సైన్స్ సీటుకి కాదు. ర్యాంకు లెక్కించే పద్ధతి స్కూలు డిస్ట్రిక్టును బట్టి మారుతుంది. ఏపీ కోర్సుకి ఎంత అదనపు విలువ ఇస్తారో, ఏ తరగతి నుంచి మార్కులు కలుపుతారో ఆగస్టులోనే అడగండి.

ఏడో తరగతిలో శాట్ కోచింగ్ సంగతి చెప్పాలంటే నాకు బాధగా ఉంటుంది. ఆ పరీక్షలో గణితం చాలా భాగం ఆల్జీబ్రా 2 దాకా నేర్చుకున్న విషయాల మీదే నడుస్తుంది. ఆ పాఠాలు ఇంకా వినని పిల్లవాడికి కోచింగ్‌లో దొరికేవి కిటుకులే. 2024 మార్చి నుంచి అమెరికాలో శాట్ పూర్తిగా కంప్యూటర్ మీదకి మారింది. వ్యవధి 2 గంటల 14 నిమిషాలు. అసలు పరీక్ష రాసే బ్లూబుక్ యాప్‌లోనే నమూనా పరీక్షలు ఉచితంగా ఉన్నాయి. పదో తరగతి ముగిశాక మొదలుపెడితే సరిపోతుంది. అప్పటిదాకా ఆ సమయాన్ని పుస్తకాలు చదవడానికి వదిలేయండి. నిడివైన వచనాన్ని ఓపికగా చదివే అలవాటు ఆ పరీక్షలోనూ పనికొస్తుంది, ఆ తర్వాతా పనికొస్తుంది.

ఇక క్లబ్బులు. మూడేళ్ల క్రితం ఒక అబ్బాయి రెండు పేజీల జాబితా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. చాలా కాలేజీలు తీసుకునే ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ అప్లికేషన్‌లో ఇలాంటివి రాసుకోవడానికి 10 గడులే ఉంటాయి. ఒక్కొక్క దాని వివరణకు 150 అక్షరాలు, మధ్యలో వదిలే ఖాళీలతో సహా. నేను తెల్ల కాగితం మీద 10 గీతలు గీసి అతని ముందు పెట్టాను. నాలుగు నింపాక కలం ఆగిపోయింది. మిగతా క్లబ్బుల్లో తానేం చేశాడో అతనికే గుర్తులేదు. మాటల మధ్యలో, శనివారాలు గుడిలో మైకులు, స్పీకర్లు తానే చూసుకుంటానని చెప్పాడు. హారతి వేళకి మైకు కీచుమని కూసేదట. మైకు స్పీకరుకి ఎదురుగా ఉండటమే కారణమని తానే కనిపెట్టాడు. స్టాండును స్తంభం వెనక్కి జరిపాడు, తీగలన్నిటికీ రంగురంగుల టేపు చుట్టి గుర్తులు పెట్టాడు, తనకంటే చిన్నవాళ్లిద్దరికి ఆ పని నేర్పాడు. పావుగంటసేపు చేతులు తిప్పుతూ చెప్పాడు. “ఇది జాబితాలో ఎందుకు లేదు?” అంటే, “అది గుడి పని కదండీ” అన్నాడు. మొదటి గడిలో అదే రాయించాను.

మీ వాడికి ఆసక్తి లేదని రాశారు. దేని మీదా లేదా, లేక కన్సల్టెంటు రాసిన వాటి మీద లేదా? తొమ్మిదో తరగతిలో అతనికి నచ్చినవి రెండు మూడు ప్రయత్నించనివ్వండి. నచ్చనిది మానేస్తానంటే మాననివ్వండి. పదకొండో తరగతి వచ్చేసరికి ఒకటో రెండో మిగులుతాయి. వాటిలో అతను ఏదైనా మార్చాడా, ఎవరికైనా నేర్పాడా, బాధ్యత మోశాడా అన్నదే అప్లికేషన్ చదివేవారికి కనిపిస్తుంది. పేరుకి పెట్టిన స్వచ్ఛంద సంస్థను వాళ్లు చాలా తేలిగ్గా గుర్తుపడతారు.

కౌన్సెలర్‌ని తొమ్మిదో తరగతిలోనే కలవమని చెప్పండి. ఒక కౌన్సెలరుకి 250 మంది విద్యార్థులు ఉండాలని మా వృత్తి సంఘం సిఫార్సు. దేశంలో సగటు మాత్రం 350 దాటింది. పన్నెండో తరగతిలో మీ అబ్బాయి గురించి లేఖ రాయవలసిన మనిషికి అతని ముఖం మూడేళ్లుగా తెలిసి ఉండటం ఎంత తేడా తెస్తుందో నాకు తెలుసు. ఏడాదికి రెండుసార్లు, పది నిమిషాలు చాలు. అతనే వెళ్లాలి, మీరు కాదు.

రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో కూడా గమనించండి. ఈ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఒక కోర్సు వల్ల నిద్ర ఆరు గంటలకు పడిపోతుంటే ఆ కోర్సు మార్చడమే మంచిదని నేను మొహమాటం లేకుండా చెబుతాను.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. మేం 12 ఏళ్లుగా హెచ్‌-1బి వీసా మీద ఉన్నాం. గ్రీన్ కార్డు దగ్గర్లో కనిపించడం లేదు. ఇప్పటినుంచే డబ్బు సంగతులు చెప్పి అమ్మాయి మనసు చెడగొట్టడం ఎందుకని మా ఆవిడ అంటుంది. ఫీజుల విషయం అడ్మిషన్ వచ్చాక చూసుకోవచ్చా? – ఒక తండ్రి, న్యూజెర్సీ

జవాబు: అలా చేయకండి. ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను.

మా పెద్దమ్మాయి పన్నెండో తరగతిలో ఉండగా తనకి ఎంతో ఇష్టమైన ఒక ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చింది. మార్చి నెలాఖరులో ఆ వార్త తెలిసిన రాత్రి ఇల్లంతా పండగ. ఏప్రిల్ రెండో వారంలో భోజనాల బల్ల దగ్గర మా ఆయన, నేను లెక్కలు వేసి చూసుకున్నాం. ఆ కాలేజీ ఇస్తామన్న సాయం పోగా మేం కట్టవలసినది మా శక్తికి మించి ఉంది. పిల్లకి చెప్పాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ముందే చెప్పి ఉంటే నేను దాని మీద ఆశ పెట్టుకునేదాన్ని కాదు కదమ్మా” అంది. ఇప్పుడు తను వేరే చోట చదువుకుని ఉద్యోగం చేస్తోంది, సంతోషంగానే ఉంది. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

అందుకని పదో తరగతిలోనే ఒక ఆదివారం కూర్చోబెట్టి, ఏడాదికి మనం ఇంత పెట్టగలం అని ఒక అంకె చెప్పండి. భయపెట్టేలా వద్దు, ఇంటి విషయం పంచుకున్నట్లు చెప్పండి. తర్వాత మీ ముగ్గురూ కలిసి ఆమెకి నచ్చిన నాలుగైదు కాలేజీల వెబ్‌సైట్లలో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోగా మీరు కట్టవలసినది అంచనా వేసే సాధనం) తెరవండి. ఫెడరల్ ఆర్థిక సాయం అందించే ప్రతి కాలేజీ దాన్ని పెట్టి తీరాలి. గ్రీన్ కార్డు లేనివారికి ఆ లెక్క సరిగ్గా కుదరకపోవచ్చు కాబట్టి, హెచ్‌-1బి వారి కుటుంబానికి ఇచ్చే వీసా అయిన హెచ్‌-4 మీద ఉన్నవారికి ఏమిస్తారో అడ్మిషన్ ఆఫీసుకి ఈ-మెయిల్ రాసి అడగండి. జవాబును దాచిపెట్టుకోండి.

మీ పరిస్థితిలో తెలుసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. హెచ్‌-4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ గ్రాంట్లు, రుణాలు రావు. చాలా కాలేజీలు ఆర్థిక సాయం విషయంలో వారిని విదేశీ విద్యార్థులతో కలిపి చూస్తాయి. డబ్బు అడిగితే అడ్మిషన్ అవకాశం తగ్గే చోట్లే ఎక్కువ. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ వంటి కొన్ని మాత్రమే విదేశీ విద్యార్థులకు కూడా కుటుంబ ఆర్థిక స్థితి చూడకుండా ప్రవేశం ఇచ్చి, తర్వాత అవసరమైనంత సాయం చేస్తాయి. వాటిలో సీటు ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి మీకు అసలైన ఆసరా సాధారణంగా మీ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. హెచ్‌-4 విద్యార్థికి స్థానికుల ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి, కొన్నిచోట్ల విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. అడిగితే రాతపూర్వకంగా చెబుతారు. ఇంటి అద్దె ఒప్పందం, పన్ను పత్రాలు, వీసా కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకోండి.

అమ్మాయికి 21 నిండేసరికి కాలేజీ మూడో ఏడాదో నాలుగో ఏడాదో అవుతుంది. అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్‌-1 విద్యార్థి వీసాకి మారవలసి రావచ్చు. అలా మారితే స్థానికుల ఫీజు కొనసాగుతుందా అన్న ప్రశ్న కాలేజీని ఎంచుకునే రోజే అడగాలి. హెచ్‌-4 మీద జీతం తీసుకునే పని చేయకూడదని కూడా అమ్మాయికి తెలియాలి. వేసవిలో స్నేహితురాలు ఐస్‌క్రీం దుకాణంలో చేరితే తనెందుకు చేరకూడదో తెలియక పిల్లలు చాలా చిన్నబుచ్చుకుంటారు. స్వచ్ఛంద సేవకి అడ్డు లేదు. వీసా విషయాల్లో ఏ అడుగు వేసినా లాయరుని అడిగాకే వేయండి.

ఈ పత్రిక చదివే పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా ఒక మాట. ఆర్థిక సాయం కోసం ఫెడరల్ ప్రభుత్వానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తు అయినా, కొన్ని ప్రైవేటు కాలేజీలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అయినా చూసేది కాలేజీలో చేరే సంవత్సరానికి రెండేళ్ల ముందటి పన్ను లెక్కలు. అంటే పదో తరగతి మధ్యలో వచ్చే జనవరి నుంచి పదకొండో తరగతి మధ్యలో వచ్చే డిసెంబరు దాకా ఉన్న ఆదాయం. ఆ ఏడాది కంపెనీ షేర్లు పెద్ద ఎత్తున అమ్మితే ఆ సొమ్మంతా మీ మామూలు సంపాదన కిందే కనిపిస్తుంది. నవంబరులో ఎర్లీ డెసిషన్‌కి దరఖాస్తు చేసేవారు, సీటు వస్తే చేరి తీరుతామన్న ఒప్పందం మీద విద్యార్థితోపాటు తల్లిదండ్రులు, కౌన్సెలర్ కూడా సంతకం పెడతారని గుర్తుంచుకోవాలి. ఎంత కట్టాలో అంచనా వేసుకోకుండా ఆ సంతకం పెట్టకండి.

ప్రశ్న: నేను పదకొండో తరగతి చదువుతున్నాను. తొమ్మిదిలో ఉన్నప్పుడు నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. అమ్మ రెండు చోట్ల పనిచేసేది, చెల్లిని నేను చూసుకునేదాన్ని. ఆ ఏడాది రెండు సబ్జెక్టుల్లో సి, ఇంగ్లీషులో ఒక సెమిస్టరు డి వచ్చాయి. తర్వాత అన్నీ ఎ, బి లే. నాకు మంచి కాలేజీలో సీటు రాదని అందరూ అంటున్నారు. నిజమేనా? – ఒక విద్యార్థిని, కాలిఫోర్నియా

జవాబు: నిజం కాదమ్మా. ఆ వయసులో ఇంటిని నిలబెట్టినందుకు నీకు ముందు నా అభినందనలు.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా జీపీఏ (గ్రేడ్ల సగటు) లెక్కించేది తొమ్మిదో తరగతి అయిపోయిన వేసవి నుంచి పదకొండు అయిపోయిన వేసవి దాకా చదివిన కోర్సులకే. తొమ్మిదో తరగతి గ్రేడ్లు వాళ్లకి కనిపిస్తాయి, కానీ ఆ లెక్కలోకి రావు. అక్కడ శాట్ స్కోరు అసలు చూడరు. కాబట్టి అక్కడికే దరఖాస్తు చేస్తే కోచింగ్‌కి డబ్బు ఖర్చు పెట్టవద్దని మీ అమ్మగారికి చెప్పు. వేరే చోట్ల సంగతి వేరు. ఎంఐటీ 2022లోనే, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో పరీక్షను మళ్లీ తప్పనిసరి చేశాయి.

ఆ డి మాత్రం సరిచేసుకోవాలి. ఆ విశ్వవిద్యాలయానికి నాలుగేళ్ల ఇంగ్లీషు కనీసం సి గ్రేడుతో కావాలి. ఈ వారమే మీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి, ఆ ఒక్క సెమిస్టరు ఈ వేసవిలో మళ్లీ చదవడానికి పేరు రాయించుకో. నీ ఉత్తరంలో అన్నిటికంటే తొందరగా చేయవలసిన పని అదే.

అప్లికేషన్‌లో అదనపు సమాచారం రాయడానికి ఒక చోటు ఉంటుంది. అక్కడ మూడు వాక్యాలు రాయి: నాన్నగారి ఆపరేషన్ ఏ నెలలో, నువ్వు ఇంట్లో రోజుకి ఎన్ని గంటలు ఏ పని చేశావు, మళ్లీ ఎప్పుడు కుదుటపడ్డావు. కామన్ అప్లికేషన్ కార్యక్రమాల గడుల్లో ఇంటి బాధ్యతలు రాసుకోవడానికి కూడా వీలుంది. చెల్లిని చూసుకోవడం అక్కడ రాయి, సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

అప్లికేషన్‌తో పంపే వ్యాసం మాత్రం దాని గురించే రాయాలని లేదు. కష్టం వచ్చింది కాబట్టి దాన్నే చెప్పుకోవాలని పిల్లల మీద ఒత్తిడి పడటం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. అది నీ ఇంటి విషయం, చెప్పాలో వద్దో నువ్వే నిర్ణయించుకో. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి జవాబు అడుగుతుంది, ఒక్కొక్కటి 350 పదాల లోపు. చెల్లికి ఏదైనా నేర్పిన ఒక సాయంత్రం గురించి రాసినా సరే, నీకు నచ్చిన రసాయన శాస్త్ర ప్రయోగం గురించి రాసినా సరే. ఆగస్టులో మొదటి ప్రతి రాసి, వారం రోజులు పక్కన పెట్టి, తర్వాత గొంతెత్తి పైకి చదువు. నోటికి అడ్డుపడిన వాక్యం కొట్టేయి.

సిఫార్సు లేఖలు అడిగే కాలేజీలకు కూడా దరఖాస్తు చేస్తావు కాబట్టి, ఈ ఏడాది నీకు పాఠం చెప్పిన ఇద్దరు ఉపాధ్యాయులను మే నెలలో సెలవులకు ముందే అడుగు. సెప్టెంబరులో అడిగితే నీకంటే ముందు నలభై మంది ఉంటారు. అడిగేటప్పుడు వాళ్ల క్లాసులో నువ్వు రాసిన, నీకు బాగా గుర్తున్న ఒక పని పేరు చెప్పు. లేఖకి అది ఆధారమవుతుంది.

ప్రశ్న: మనవరాలి దగ్గర ఆరు నెలలు ఉందామని రాజమండ్రి నుంచి వచ్చాను. తను పదో తరగతి. నాతో తెలుగు బాగా మాట్లాడుతుంది, చదవడం కొద్దిగా వచ్చు. ఈ తెలుగు తన కాలేజీ అడ్మిషన్‌కి ఏమైనా పనికొస్తుందా? – ఒక తాతయ్య

జవాబు: పనికొస్తుందండీ. రెండు భాషల్లో పట్టున్న విద్యార్థులకు హైస్కూలు ముగిసేటప్పుడు డిప్లొమా మీద ద్విభాషా ముద్ర వేసే పద్ధతి ఉంది. కాలిఫోర్నియాలో మొదలై ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో నడుస్తోంది. తెలుగులో కూడా పరీక్ష రాయవచ్చు. అయితే మాట్లాడటం ఒక్కటే చాలదు, చదవాలి, రాయాలి. బర్క్‌లీలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోనూ, మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోనూ తెలుగు బోధించారు కాబట్టి, కాలేజీలో కొనసాగించాలన్నా దారి ఉంటుంది.

మీ ఆరు నెలలు అందుకు చాలా విలువైనవి. రోజూ రాత్రి మీ చిన్ననాటి సంగతి ఒకటి చెప్పండి, మర్నాడు దాన్ని ఐదారు వాక్యాల్లో తెలుగులో రాసి మీకు ఇవ్వమనండి. తప్పులు ఎర్రకలంతో దిద్దకండి, సరైన మాటను పక్కన పెన్సిలుతో రాయండి. స్కూల్లో విదేశీ భాషల విభాగం వారిని కలిసి, ఆ ముద్రకి ఏ పరీక్ష అంగీకరిస్తారో, నమోదు ఎప్పుడో ఇప్పుడే కనుక్కోమని మనవరాలికి చెప్పండి. తెలుగు వచ్చిన ఉపాధ్యాయులు స్కూల్లో లేకపోయినా పరవాలేదు, పరీక్షను బయటి సంస్థే దిద్దుతుంది.